నాలుగున్నర నీళ్ళు

ఆ చలికాలం మా ఆయన పెట్టిన మిషన్ పాడైపోవాలని నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ దేవుడు నా మాట వినలేదు కాబట్టే ఇన్నేళ్ళుగా డర్బన్‌లో ఉన్నాను. మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకే ఫిర్యాదూ లేదు.

అది తొంభై ఆరు. ఇక్కడ జూన్, జూలై, ఆగస్టు చలి నెలలు. గుంటూరులో రోళ్ళు పగిలే ఎండలు చూసి వచ్చినదాన్ని, జూన్ నెలలో స్వెట్టరు తొడుక్కోవడం నాకు పెద్ద అన్యాయంగా తోచేది. జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టి వచ్చాను. ఆ సెలవు ఆగస్టు ముప్ఫై ఒకటితో సరి. అందుకే ఏప్రిల్లో దిగినప్పటి నుంచీ మంచం కింద సూట్‌కేసులో సగం బట్టలు అలాగే ఉంచేశాను. మా ఆయన కోటేశ్వరరావు ఆ సూట్‌కేసు వైపు చూసేవాడు కాడు, నేను దాని మాట ఎత్తేదాన్ని కాదు.

ఆయన గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పదేళ్ళు పనిచేసిన ఇంజనీరు. ఇక్కడి కంపెనీ ఆయన్ని పిలిపించింది దాదాపు ఆ పనికే, కాకపోతే తిరగేసి. "మిరపకాయల దగ్గర వేడి లాగేసి బయట పారేసేవాళ్ళం కదా. ఇక్కడ పారెయ్యకుండా ఆ వేడిని నీళ్ళలోకి పంపుతాం. అంతే శారదా," అనేవాడు. దాని పేరు హీట్ పంప్. గాలిలో ఉన్న వేడిని లాగుతుంది కాబట్టి మామూలు గీజరు తినే కరెంటులో మూడో వంతుకే నీళ్ళు కాగుతాయి. అది పెట్టడానికి ఒప్పుకున్న మొదటి పాత బిల్డింగు ఆర్డెన్ కోర్ట్. సముద్రానికి రెండు వీధుల ఇవతల, నాలుగంతస్తులు, ఇరవై నాలుగు ఫ్లాట్లు, నా కంటే ముప్ఫై ఏళ్ళు పెద్దది. మిషన్ పక్కనే మనిషి ఉండాలని మాకు కూడా అందులోనే ఒక ఫ్లాటు అద్దెకి ఇప్పించారు.

అంతవరకూ ఆ బిల్డింగు మొత్తానికి వేడినీళ్ళు సెల్లార్‌లో బొగ్గు బాయిలర్ నుంచి వచ్చేవి. పొగ ఎక్కువైందని దాన్ని ఆపెయ్యమన్నారు. ఓనర్ల సంఘం ముందు రెండే దారులు. ప్రతి ఫ్లాటులో ఒక కరెంటు గీజరు పెట్టుకోవడం, లేదా మా ఆయన మిషన్. ఆగస్టు రెండో శనివారం మీటింగులో చేతులెత్తి తేలుస్తామన్నారు. మిషన్ నెగ్గితే కంపెనీ ఇంకో ఇరవై పాత బిల్డింగులు చేస్తుంది, మేము ఉండిపోతాం. ఓడితే మూటాముల్లె సర్దుకుని గుంటూరు. నేను ఎటువైపో మీకు ముందే చెప్పాను.

సంఘానికి ప్రెసిడెంటు హెరాల్డ్. రైల్వేలో ముప్ఫై ఆరేళ్ళు చేసి స్టేషన్ మాస్టరుగా రిటైరైన తెల్లాయన. మిషన్ బిగించిన రోజు జేబు గడియారం తీసి చూసుకుని, ఒక నోటుబుక్కు తెరిచి, "నీళ్ళు ఎప్పుడెప్పుడు చల్లగా వచ్చాయో ఇందులో రాస్తాను, మిస్టర్ రావు," అన్నాడు. ఆయన ముఖం చూస్తే, రాయడానికి ఏమీ దొరక్కపోతే బాధపడేట్టున్నాడు.

యెల్లప్పని నేను మొదటిసారి చూడలేదు, విన్నాను. మిషన్ బిగిస్తున్నప్పుడు సెల్లార్‌లోకి టిఫిన్ తీసుకెళ్ళాను. మా ఆయన తెల్ల చొక్కా నిండా బొగ్గు మసి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ తెలుగు తెలిసినవాళ్ళెవరుంటారని, నోరారా తిట్టాను. పాత బాయిలర్ వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు.

"ఓలమ్మో! మా అవ్వ అచ్చం ఇట్టాగే తిట్టీది!"

అరవై దాటిన మనిషి. ముఖం నిండా మసి, ఆ మసిలో పళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఆ బాయిలర్‌కి బొగ్గు వేస్తున్నవాడు. వాళ్ళ తాతని చెరుకు తోటల్లో పనికని ఓడెక్కించి తీసుకొచ్చారట. ఏ ఊరి నుంచో ఆయనకి తెలియదు. "బొబ్బిలి కాడ. అంతే తెల్సు," అన్నాడు. తెలుగులో ఆయనకి మిగిలింది తిండి మాటలూ, దేవుడి మాటలూ, తిట్లూ. మిగతాదంతా ఇంగ్లీషుతోనూ జులూతోనూ అతుకులేసుకుని మాట్లాడేవాడు. అయినా ఆ సెల్లార్‌లో ఆ యాస వింటుంటే మా అమ్మమ్మ పక్కన కూర్చున్నట్టయింది నాకు.

నేను "యెల్లప్ప గారూ" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"గారు గీరు వొద్దమ్మీ. నువ్వు నా కూతురు," అని మా ఆయన వైపు చూసి మసిచేతులు తుడుచుకున్నాడు. "అయితే ఈ బాసు ఎవుడు? నా అల్లుడు!"

అలా ఒక్క పూటలో మా ఆయనకి డర్బన్‌లో అత్తవారిల్లు ఏర్పడింది. యెల్లప్ప భార్య వల్లీ సాయంత్రానికల్లా బీన్స్ కూర గిన్నె పట్టుకొచ్చింది. వాళ్ళ కాపురం బిల్డింగు టెర్రస్ మీద ఒక్క గదిలో. హీట్ పంపే వస్తే యెల్లప్పని బిల్డింగు చూసుకోవడానికి ఉంచుకుంటామన్నారు. ఫ్లాటుకో గీజరు వస్తే ఆ మనిషితో పని లేదు, గది ఖాళీ చెయ్యాలి. ఊరి చివర షాల్‌క్రాస్‌లో కూతురి ఇంట్లో సర్దుకోవాలి. అక్కడ రెండు గదుల్లో ఇప్పటికే ఆరుగురున్నారు. ఆ మాట వల్లీ కూర గిన్నె నా చేతికిస్తూ చెప్పింది, ఏదో వాన పడేట్టుంది అన్నట్టు. నేను విన్నాను. విని కూడా నా దణ్ణాలు మానలేదు.

మొదటి వారంలోనే నా మొర దేవుడికి చేరినట్టు కనబడింది.

సాయంత్రం ఏడయ్యేసరికి నీళ్ళు చల్లబడిపోయేవి. రెండో అంతస్తు కీత్ తువ్వాలు కట్టుకుని, తల మీద సబ్బు నురగతో మా తలుపు కొట్టాడు. హెరాల్డ్ లిఫ్టులో కాగితం అంటించాడు: "సోమవారం 19:10 చల్లన. మంగళవారం 18:55 చల్లన. బుధవారం 19:02 చల్లన." మా ఆయన రోజంతా సెల్లార్‌లోనే. గ్యాసు ప్రెషరు చూశాడు, వాల్వులు విప్పాడు, బిగించాడు. తెల్లవారుజామున చూస్తే ట్యాంకు నిండా పొగలు కక్కే నీళ్ళు. సాయంత్రానికి మాయం. ట్యాంకుకి ఎక్కడో చిల్లుందని పడుకుని నేలంతా తడిమాడు. పాపం, చిక్కిపోయాడు. నేను మాత్రం పెరుగన్నంలో మామిడికాయ ముక్క నంజుకుంటూ, "మీ తప్పేముందండీ, పాత బిల్డింగు," అని ఓదార్చేదాన్ని.

నాలుగో అంతస్తులో లెస్లీ అని ఒక పెద్దావిడ ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది, డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక గురువారం పొద్దున పదిగంటలకి నన్ను టీకి పిలిచింది. మర్యాదగా నాలుగు మాటలు కలపాలి కదా. మన ఇళ్ళల్లో పొద్దున్నే ఎవరైనా కనబడితే ఏమడుగుతాం? నేనూ అదే అడిగాను, ఇంగ్లీషులో. "స్నానం అయిందాండీ?"

లెస్లీ కప్పు సగంలో ఆగిపోయింది. ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది.

"నలభై ఏళ్ళు కాపురం చేసిన మా ఆయన కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదమ్మా," అంది. తర్వాత నవ్వాపుకోలేక, "సాయంత్రం. ఆరుకి, భోజనానికి ముందు. అందరూ అంతే కదా! పొద్దున్నే ఒళ్ళు తడుపుకుని చలిలోకి వెళ్ళేదెవరు?" అంది.

బాత్‌రూము చూపించమన్నాను. అప్పటికే పరువు పోయింది, ఇంకో మాటలో ఏముంది. ఆవిడ టబ్బులో నీళ్ళు ఎందాకా పోసుకుంటుందో గీత కనబడుతోంది, దాదాపు అంచుదాకా. మా ఫ్లాటులోనూ అలాంటి టబ్బే ఉంది. మేము అందులో నిలబడి, బకెట్లో నీళ్ళు పట్టుకుని, చెంబుతో పోసుకునేవాళ్ళం. అదీ తెల్లారకముందు.

నేను లెక్కల దాన్ని. లిఫ్టు కింది దాకా దిగేలోపల లెక్క తేలిపోయింది. మా ఆయన మనిషికి ఒక బకెట్ చొప్పున, పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది లోపల స్నానాలని వేసుకున్నాడు. దాని ప్రకారం మిషన్‌ని రాత్రంతా తిప్పి, పొద్దున్న ఐదుకి ఆపేస్తున్నాడు, కరెంటు బాగా ఆదా అయినట్టు కనబడాలని. ఈ జనమేమో సాయంత్రం ఆరింటికి ఒక్కుమ్మడిగా టబ్బులు నింపుకుంటున్నారు. ట్యాంకు ఎంతసేపు ఆగుతుంది? మిషన్‌కి రోగం లేదు, నీళ్ళు చక్కగానే కాస్తోంది. రోగమంతా గుంటూరు వాళ్ళ స్నానాలని డర్బన్‌కి తెచ్చి పెట్టడంలో ఉంది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం. నాలుగు రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆదివారం ఇంట్లో పాట కూడా పాడుకున్నానని మా ఆయన తర్వాత గుర్తుచేశాడు.

సోమవారం సాయంత్రం చెత్త పారెయ్యడానికి వెనక మెట్ల వైపు వెళ్ళాను. ఆ మెట్లు పనివాళ్ళవి. తెల్లవాళ్ళు తప్ప లిఫ్టు ఎక్కకూడదన్న పాత రూలు పోయి రెండేళ్ళయినా యెల్లప్ప ఆ మెట్లే ఎక్కేవాడు, అలవాటు. మూడో అంతస్తు మలుపులో ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు ఇనప బకెట్లు, వాటిలోంచి ఆవిర్లు. ఆయాసంతో నోరు తెరుచుకుని ఉన్నాడు.

"ఏమిటి బాబాయ్ ఇది?"

"లెస్లీ మేడంకి, అమ్మీ. యేడినీళ్ళు. ఆరుకి ఇయ్యాల."

"ఎక్కడివి?"

"కింద. పెద్ద ప్రైమస్ స్టవ్ ఉంది. వల్లీ కాస్తంది, నేను మోస్తన్నాను. రెండో అంతస్తు ముసిలోళ్ళకి అయిపోయింది. ఈవిడ ఆకరు."

"ఎన్నాళ్ళ నుంచి?"

వేళ్ళు లెక్కపెట్టాడు. "రెండు వీక్స్. ఆళ్ళు హెరాల్డ్‌కి కంప్లయింట్ సెయ్యకూడదు కదా. అల్లుడి పేరు పోద్ది."

నేను చెత్తబుట్ట కింద పెట్టాను. "బాబాయ్, వీళ్ళు సాయంత్రం స్నానం చేస్తారని నీకు తెలుసా?"

"ఏటమ్మీ అట్టా అడుగుతావ్! ఇరవై రెండు ఇయర్స్ నేను మజ్జానం మూడింటికి బొగ్గు ఏసినాను. నాకు తెల్దా?"

"మరి ఆయనకి చెప్పలేదేం?"

యెల్లప్ప నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. ఏమీ తెలియని పిల్లని చూసినట్టు చూశాడు.

"అల్లుడికి ఎవుడైనా తప్పు సెప్తాడా అమ్మీ? మా అవ్వ సూస్తే సంపేసీది."

భాష పోయింది, ఊరి పేరు పోయింది, తాత దిగిన ఓడ పేరు కూడా తెలియదు. అల్లుడి మొహం మీద తప్పెత్తి చూపకూడదన్నది మాత్రం మూడు తరాలు దాటి ఈ మనిషి దగ్గర భద్రంగా ఉంది. దానికోసం ఈ వయసులో బకెట్లు మోస్తున్నాడు. నేనేమో మంచం కింద సూట్‌కేసు చూసుకుని పాటలు పాడుతున్నాను. అంత సిగ్గు నాకు జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు. ఒక బకెట్ నేను ఎత్తుకున్నాను. ఆయన వద్దు వద్దంటూ వెనకే వచ్చాడు. లెస్లీ తలుపు తీసి మా ఇద్దరినీ చూసి, "ఓ డియర్," అని, ఈసారి తనే నన్ను అడిగింది, స్నానం అయిందా అని.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అన్నాను. "ఏమండీ, వీళ్ళకి స్నానాలు ఎన్నింటికని లెక్క వేశారు?"

"ఎన్నింటికేమిటి? స్నానమంటే పొద్దున్నే కదా!"

ముద్ద ఆయన నోటి దాకా వెళ్ళి ఆగింది. లేచి, ఎంగిలి చేత్తోనే తన లెక్కల పుస్తకం తెచ్చాడు. ఎడం చేత్తో పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"మన గుంటూరు బ్రాడీపేటకి వేశాను శారదా. ఈ లెక్క బ్రాడీపేట రెండో లైనుకి వేశాను!"

నవ్వు తగ్గాక అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

ఆయన మంచం వైపు ఒకసారి చూశాడు. "కొంచెం పప్పు వెయ్యి," అన్నాడు. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మర్నాడు మిషన్ మధ్యాహ్నం కూడా తిరిగేట్టు మార్చాడు. అది సగం మందే. అది నెమ్మది మిషన్. రోజంతా కాస్తే అందరికీ సరిపోతుంది గానీ అందరూ ఒక్క గంటలో మీద పడితే తట్టుకోలేదు. స్నానాలు పగలంతా సర్దాలి. "ఇరవై నాలుగు ఇళ్ళని ఎవరు సర్దుతారు?" అని తల పట్టుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా కాలేజీలో ఆరేళ్ళు టైంటేబుల్ వేసింది ఎవరనుకున్నారు? పద్దెనిమిది సెక్షన్లు, పదకొండు గదులు, ఫస్ట్ అవర్ రానని మొండికేసే ఫిజిక్స్ ఆయన, లంచ్ తర్వాత నిద్రపోయే సంస్కృతం మేష్టారు. వాళ్ళని సర్దినదాన్ని. పెద్ద చార్టు కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గళ్ళు గీశాను.

అదే వారం ఊళ్ళో మునిసిపల్ ఎన్నికలు. ప్రతి స్తంభానికీ పోస్టర్లు. ఓట్ల రోజు అందరూ ఇళ్ళ దగ్గర దొరుకుతారని నేనూ యెల్లప్పా ఆ రోజే బయల్దేరాం. పొద్దున్నే ఓటేసి వచ్చాడేమో, పెళ్ళి నాటి సూటు ఇంకా ఒంటి మీదే ఉంది. చార్టు ఆయన పట్టుకున్నాడు, పెన్సిలు నేను పట్టుకున్నాను. ముందు తలుపు దగ్గర నిలబడి బెల్లు కొట్టడం ఆయనకి అదే మొదటిసారి. మొదటి రెండు ఫ్లాట్ల దగ్గర ఆయన చెయ్యి బెల్లు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మూడో దానికి తనే నొక్కాడు.

కొన్నేళ్ళ కిందటి దాకా ఓటూ, బీచ్ కూడా తెల్లవాళ్ళవే. కీత్ కూడా తెల్లవాడే, మా మాట పూర్తికాకుండానే లేచాడు. "ఓటు ఇచ్చాం. బీచ్ ఇచ్చాం. ఇప్పుడు నా స్నానం కూడా ఇచ్చెయ్యాలా?"

ఎదురింట్లో బుసిసివె అని ఒక స్కూలు టీచరు కొత్తగా దిగింది. జులూ అమ్మాయి. గొళ్ళెం తీసి తల బయటపెట్టింది. "బీచ్ నువ్వు వాడుకో కీత్. అక్కడ నీళ్ళు రోజూ చల్లగానే ఉంటాయి, నీకు అలవాటే కదా," అంది. వరండాలో అందరూ నవ్వారు. కీత్ కూడా కాసేపు బిగపట్టుకుని చివరికి నవ్వేశాడు. ఎనిమిదింపావు రాయించుకున్నాడు. బుసిసివె స్కూలు నుంచి రాగానే నాలుగింటికి అంది. రాస్తుంటే చార్టు వంకే చూస్తూ, "దీన్ని మీరే గీశారా? మా స్కూల్లో లెక్కలకి మనిషి లేడు. టైంటేబుల్ అయితే మూడేళ్ళుగా లేదు," అంది. నేను విననట్టే పెన్సిలు చెక్కుకున్నాను.

హెరాల్డ్ దగ్గరికి చివర్లో వెళ్ళాం, భయపడుతూ. ఆయన చార్టుని భోజనాల బల్ల మీద పరిచి, కళ్ళజోడు మార్చుకుని చూశాడు. ఒక్కో గడి మీదా వేలు పెట్టుకుంటూ చదివాడు. ముఖం మెత్తబడిపోయింది.

"మిసెస్ రావు, ఇక్కడ తప్పుంది," అన్నాడు చివరికి. "రెండు స్నానాల మధ్య ఖాళీ పెట్టలేదు మీరు. ముందు బండి స్టేషన్ వదలకుండా వెనక బండిని లోపలికి రానిస్తామా?" లోపలికి వెళ్ళి ఎర్ర పెన్సిలు తెచ్చుకున్నాడు. రాత్రి భోజనం వేళ దాకా మేమిద్దరం కూర్చుని ఐదైదు నిమిషాలు సర్దాం. తెల్లవారుజామున నాలుగున్నర గడి ఒక్కటే మిగిలిపోయింది. దానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేను ఎలాగూ ఆ వేళకి లేస్తాను కాబట్టి అందులో నా పేరు రాశాను. తర్వాత చెరిపెయ్యడానికి వీలుగా, పెన్సిలుతో.

జూలై అంతా హెరాల్డ్ లిఫ్టులో కాగితం అంటిస్తూనే ఉన్నాడు. ఈసారి అందులో "అన్నీ సమయానికి" అని ఉండేది. ఒక్క శనివారం మాత్రం "ఫ్లాట్ 9, ఏడు నిమిషాలు ఆలస్యం" అని రాశాడు. ఫ్లాట్ 9 ఆయనదే. సెల్లార్‌లో మిషన్ వేడి లాగేసి వదిలే చల్లగాలి దగ్గర వల్లీ ఒక బల్ల వేయించుకుని తోటకూర, కొత్తిమీర కట్టలు పేర్చింది. నాలుగు రోజులైనా వాడేవి కావు. బిల్డింగు ఆడవాళ్ళు తమ కూరలు కూడా తెచ్చి పెట్టడం మొదలెట్టారు. మా ఆయన ఆ బల్ల ముందు నిలబడి, "ఇక మిరపకాయల బస్తాలే తక్కువ," అని మురిసిపోయేవాడు. నేను నెల మధ్యలో ఒక రోజు బుసిసివెతో వాళ్ళ స్కూలుకి వెళ్ళాను, ఊరికే చూద్దామని. బోర్డు మీద ఎవరో సగం చేసి వదిలేసిన లెక్క ఉంది. పూర్తి చేశాను. వెనక్కి తిరిగితే నలభై మంది పిల్లలు రాసుకుంటున్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆగస్టు రెండో శనివారం మీటింగు కార్లు పెట్టుకునే చోట, మడత కుర్చీలు వేసి పెట్టారు. పంతొమ్మిది మంది ఓనర్లు వచ్చారు. అద్దెవాళ్ళం వెనక వరసలో. యెల్లప్ప గోడకి ఆనుకుని నిలబడితే హెరాల్డ్ కూర్చోమన్నాడు. కూర్చోవడమే కాదు, నీళ్ళ సంగతి నీకంటే ఎవరికి తెలుసు, మాట్లాడమన్నాడు. యెల్లప్ప లేచి కోటు గుండీ పెట్టుకున్నాడు.

"నీళ్ళు వేడిగా ఉన్నాయి," అన్నాడు ఇంగ్లీషులో. ఇంకేం చెప్పాలో తెలియక మా ఆయన వైపు వేలు చూపించాడు. "మా అల్లుడి మిషన్."

అల్లుడన్న మాట ఒక్కటీ ఆయన తెలుగులో అన్నాడు. అర్థమైనట్టే అందరూ చప్పట్లు కొట్టారు. చేతులెత్తితే పదిహేను. లెస్లీ రెండు చేతులూ ఎత్తింది, హెరాల్డ్ ఒకటే లెక్కేశాడు. కీత్ చెయ్యి భుజం దాకా లేచి ఆగింది, పక్కనున్న భార్య మిగతాది ఎత్తింది. వల్లీ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. టెర్రస్ మీద గది వాళ్ళకి ఉండిపోయింది.

నేను దణ్ణాలు పెట్టుకున్నదానికి సరిగ్గా తలకిందులైంది. అయినా నాకు సంతోషంగానే ఉంది. సంతోషంగా ఉన్నందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

జనం లేవబోతుంటే హెరాల్డ్ ఆగమన్నాడు. వచ్చే ఏడాది టైంటేబుల్ ఇప్పుడే ఖాయం చెయ్యాలట, ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదట. మారేవాళ్ళు మారారు, పాతవాళ్ళు ఉన్నారు. ఆఖరున కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. "నాలుగున్నర. మిసెస్ రావు ఈ నెలాఖరుకి ఇండియా వెళ్ళిపోతున్నారని విన్నాను. ఆ గడి ఎవరు తీసుకుంటారు?"

లెస్లీ నేల చూపులు చూసింది. మా ఆయన నా వైపు చూడలేదు, చేతిలో ఉన్న కాగితం మడతపెడుతున్నాడు.

నేను చెయ్యెత్తాను. "ఆ వేళకి ఇంకెవరూ లేవరు," అన్నాను. "నా పేరే ఉంచండి."

హెరాల్డ్ పెన్సిలు పక్కన పెట్టి, జేబులోంచి సిరా పెన్ను తీశాడు. మా ఆయన కాగితం మడతపెట్టడం ఆగిపోయింది. పావలా అంత కాగితం అయిపోయింది అప్పటికి.

అందరూ వెళ్ళాక యెల్లప్ప ముక్కు చీదుకుంటూ నిలబడ్డాడు. "ఏటి ఏడుస్తావ్, కుర్చీలు తియ్, ఛేచా!" అని వల్లీ కసిరింది. ఛేచా అంటే జులూలో తొందరగా అని, అది అప్పటికి నా వంటింట్లోకి కూడా వచ్చేసింది. మా ఆయన కుర్చీలు మడవడానికి సాయం పట్టాడు. యెల్లప్ప ఒకసారి గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ ఆగాడు. నావైపు చూశాడు. నేను తలూపాను.

"అల్లుడూ, ఒక మాట," అన్నాడు. "మూడో అంతస్తు పైపుకి నువ్వు గుడ్డ సుట్టనేదు. యేడి అంతా గోడకి పోతంది. అది తప్పు."

మా ఆయన చేతిలో కుర్చీ కింద పెట్టాడు. జేబులోంచి లెక్కల పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పి, రాసుకున్నాడు.

"ఇంకేమైనా ఉందా మావయ్యా?"

"సాలా ఉంది," అని యెల్లప్ప మడిచిన కుర్చీ మళ్ళీ తెరిచి కూర్చున్నాడు.